తమ్మపడిగకు తెలిసిన నాజూకు

నేను ఒక తమ్మపడిగను. పేరు చెబితే ఈ కాలం పిల్లలకు తెలియదు, పని చెబితే మొహం చిట్లిస్తారు. ఆకూవక్కా నమిలేవాళ్ళు ఆ పిప్పినీ, ఎర్రటి రసాన్నీ ఊసుకునే ఇత్తడి పాత్రను. పైన పువ్వులా విచ్చుకున్న అంచు, మధ్యలో పిడికిట్లో ఇమిడే నడుము, కింద గుండ్రటి బొజ్జ, ఇదీ నా ఆకారం. పెద్దమనుషులు వచ్చినప్పుడు నన్ను పరుపు పక్కన పెట్టేవారు. వాళ్ళు వెళ్ళిపోయాక నన్ను కడగాలంటే మాత్రం ఇంట్లో అందరికీ ఒక్కసారిగా వేరే పనులు గుర్తొచ్చేవి.

ఇలాంటి బతుకు బతికిన నేను నాజూకు గురించి చెబుతానంటే నవ్వొస్తుందేమో. నవ్వండి, నాకేం కోపం లేదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. నోటికి నచ్చినది కడుపులోకి పోతుంది, నచ్చనిది నా దగ్గరికి వస్తుంది. లోకంలో ఎవరికి ఏది నచ్చలేదో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గదా. ఆ జిహ్వలన్నీ దాటుకుని వచ్చిన సరుకే నా చదువంతా.

నన్ను పోతపోసినవాడు వెంకటగిరి దగ్గర ఒక ఊళ్ళో ఉండే చెంగలాచారి అనే కంచరి. రాగీ తుత్తునాగమూ కలిసి కరిగి, మైనం ఖాళీ చేసిన మట్టి మూసలోకి నేను జారిపోవడం నాకు ఇంకా కలలా గుర్తుంది. ఎర్రగా, మెత్తగా, ఏ ఆకారమూ లేకుండా ఉన్నాను. అంత సుఖం మళ్ళీ ఎప్పుడూ ఎరగను. చల్లారాక చెంగలాచారి నన్ను తిప్పి తిప్పి నడుము దగ్గర చెక్కుతూ కూర్చున్నాడు. ఎంత చెక్కినా ఆయనకు తృప్తి లేదు.

"అంత సన్నటి నడుమేమయ్యా! పిల్లి తోక తగిలినా పడిపోతుంది" అంది ఆయన భార్య.

"పడదులే. బరువంతా అడుగున పెట్టినా. చూసేవాళ్ళకు నడుమే కనపడాల. ఎత్తేవాళ్ళకు తెలుస్తుంది బరువు" అన్నాడాయన, తలెత్తకుండానే.

నిజంగానే నేను ఎన్నడూ పడలేదు. పిల్లులే కాదు, తాగినవాళ్ళ కాళ్ళు కూడా తగిలాయి నాకు.

నా మొదటి యజమాని కనకాంగి గారు. నెల్లూరులో ఆవిడ పాట లేని సంగీత కచేరీ లేదు. ఆవిడ తాంబూలం వేసుకోవడమే ఒక కచేరీ. లేత ఆకు తీసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఈనెలు తీసి, గోటి చివర అంటినంత సున్నం రాసేది. వక్క మాత్రం ఒక్క పలుకే. నోట్లో ఆకు ఉందని బుగ్గను చూసి ఎవరూ కనిపెట్టలేకపోయేవారు. ఊసేటప్పుడు ఎడమచేత్తో నన్ను దగ్గరకు తీసుకుని, కుడిచెయ్యి అడ్డం పెట్టుకుని తల వంచేది. చప్పుడు ఉండేది కాదు. నా అంచుకు ఒక్క చుక్క అంటేది కాదు. అదే గదిలో కూర్చుని, మూరెడు దూరం నుంచి గురిపెట్టి కొట్టే మహానుభావులు కూడా ఉండేవారు. వాళ్ళ గురి గురించి గోడలనడగాలి.

ఒకనాడు ఒక శిష్యురాలు గొంతు చించుకుని పాడుతుంటే కనకాంగి గారు ఆపింది. "అరిస్తే వినపడుతుందమ్మా. ఇంకొంచెం వినాలనిపించాలంటే మాత్రం, ఉన్న గొంతంతా బయట పెట్టకూడదు" అంది. ఆ పిల్లకు అర్థమైందో లేదో నాకు తెలియదు. నా బొజ్జలో మాత్రం ఆ మాట చాలాకాలం మోగింది. ఇత్తడికి అదొక జబ్బు, విన్నది ఓ పట్టాన వదలదు.

ఆవిడ పోయాక ఇంట్లో సామాను చెదిరిపోయింది. నేను ఒక ప్లీడరు గారి వసారాలో కొన్నాళ్ళు ఉన్నాను. దావా గెలిచినవాడూ నాలోనే ఊసేవాడు, ఓడినవాడూ నాలోనే ఊసేవాడు. రెండింటి రంగూ ఒకటే. తర్వాత చిత్తూరులో పాత సామాన్లమ్మే అంగడికి చేరాను. అంగడివాడు నాలో గొడుగులు నిలబెట్టేవాడు. ఎవరైనా "ఇదేందన్నా" అని అడిగితే "పూలకుండీ" అని అబద్ధమాడేవాడు. దుమ్ములో, కర్పూరం వాసనలో, గడియారాలన్నీ తలో సమయం చూపించే ఆ అంగట్లో నేను సగం నిద్రలో పడి ఉన్నాను. ఏ ఏడాదో తెలిసేది కాదు. ఒక్కోసారి గొడుగు మీది వానచుక్క నాలోకి జారితే, కనకాంగి గారు నోరు పుక్కిలించిందనుకుని ఉలిక్కిపడేదాన్ని.

ఆ నిద్ర నుంచి నన్ను లేపినవాడు మునిరత్నం నాయుడు.

ఆయనది మదనపల్లెకు పైన, కొండల చలువ తగిలే ఊరు. చుట్టూ అందరూ టమాటా పండిస్తుంటే ఆయనా, ఆయన అన్న గోవిందరాజులూ ద్రాక్ష వేసి, వైను చేసే షెడ్డు కట్టుకున్నారు. షెడ్డు మీద మేడగది ఒకటి. వచ్చినవాళ్ళకు వైను రుచి చూపించేది అక్కడే. మొదట్లో బెంగుళూరు నుంచి ప్రభంజన్ అనే హోటలు మనిషి వచ్చాడట. హోటలుకు ఏ వైను కొనాలో తేల్చే ఉద్యోగం ఆయనది. "గదంతా బాగుంది సార్, ఊసేందుకే ఏమీ లేదు. రుచి చూసి ఊసెయ్యాలి గదా" అన్నాడట.

"ఊసేదానికా మేమిన్ని పాట్లు పడి చేసింది?" అని మునిరత్నానికి ఒళ్ళు మండింది.

"అన్నీ మింగితే నాలుగోదానికే తల తిరుగుతుంది సార్. తర్వాత మీరు నీళ్ళిచ్చినా బ్రహ్మాండం అంటాను."

అది మునిరత్నానికి నచ్చింది. ఊసే పాత్రలు మన తాతల కాలం నుంచీ ఉన్నవే గదా అని చిత్తూరు వచ్చి, గొడుగులు తీయించి, నన్ను ఎత్తి చూసి, "బలే బరువుండాదే!" అన్నాడు. చెంగలాచారి విని ఉంటే మురిసిపోయేవాడు.

అలా నాకు కొత్త ఉద్యోగం దొరికింది. వైనుతోపాటు నాకు కొత్త మాటలూ వచ్చి పడ్డాయి. అతిథులు గ్లాసు తిప్పేవారు, ముక్కు పెట్టేవారు, నోట్లో గలగలలాడించి నాలోకి వదిలేవారు. వదిలాక కళ్ళు మూసుకుని "పవర్" అనేవారు, "బాడీ" అనేవారు. ఊసేసిన దాన్ని ఇంతగా పొగిడే మనుషుల్ని నేను అంతకుముందు చూడలేదు. కనకాంగి గారి కాలంలో పొగిడింది మింగేవారు, ఊసింది మరిచిపోయేవారు.

పల్లపు చేను వైను వాళ్ళందరికీ ఇష్టం. నల్లరేగడిలో పండిన ద్రాక్ష. సిరాలాంటి రంగు, పీపా చెక్క ఘాటు, నాలుక మీద కూర్చుని ఒక పట్టాన లేవని వగరు. మునిరత్నానికి అదే ప్రాణం. "ఒక గుక్క తాగితే ఏదో తాగినామని తెలియాల" అనేవాడు.

గోవిందరాజులు దారి వేరు. ఆయన మేకలు కూడా ఎక్కని రాళ్ళగుట్ట మీద కొంత చేను చదును చేసి తీగ నాటాడు. కాపు తక్కువ, గుత్తులు చిన్నవి. ఆ చేను ద్రాక్షతో ఒక చిన్న పీపాడు వైను చేసి, ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడికి రుచి చూపించడానికి మేడగదికి తెచ్చాడు. గ్లాసు అవతల పట్టుకున్న వేళ్ళు కనపడేంత లేత ఎరుపు అది.

ఇక్కడ మునిరత్నం పద్ధతి గురించి చెప్పాలి. ఆయన మొరటు మనిషి అనుకునేరు, ఎంతమాత్రం కాదు. మంచి వస్తువును నోట్లో పెట్టే ముందు నోరు శుద్ధిగా ఉండాలని ఆయన నియమం. అందుకని భోంచేసి, శ్రద్ధగా ఆకువక్క వేసుకుని, నమిలి నాలో ఊసి, అప్పుడు వైను అందుకునేవాడు. గ్లాసుకు పెదవి తగిలితే ఎంగిలి. ఎంగిలి చేసి రుచి చూడటం ఆ ఇంటి మర్యాద కాదు. అందుకని తల వెనక్కి వాల్చి, గ్లాసు జానెడు పైకెత్తి, సన్నటి ధారగా నోట్లోకి పోసుకునేవాడు. ఒక్క చుక్క పక్కకు పోయేది కాదు. ఆ ధార చూస్తుంటే నాకు కనకాంగి గారే గుర్తొచ్చేది. అంత పొందికైన మనిషి ఆయన.

కానీ ఆ పొందికే ఆయనకు అడ్డం పడింది. వక్క వగరు, సున్నం కారం నాలుకంతా పరుచుకున్నాక పల్లపు చేను వైనైతే వాటిని తోసుకుని లోపలికి వస్తుంది. గుట్ట చేనుది తోసుకునే స్వభావం కాదు. పైగా వైను సగం ముక్కుతో తాగేది. గ్లాసు జానెడు పైన ఉంటే ముక్కుకు ఏం అందుతుంది? నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు ఉంది గానీ, అది ఊయించుకోవడానికే.

అన్న ఇచ్చిన వైను ఆయన ధారగా పోసుకుని, ఒక్క క్షణం ఆగి, నాలోకి ఊసేశాడు. "నీళ్ళన్నా ఇది" అన్నాడు.

గోవిందరాజులు నవ్వాడు. "నీళ్ళు కాదురా. ఇది మెల్లగా మాట్లాడతాది. నువ్వు వినేలోపలే ఊసేసినావు."

"నీవన్నీ కలలన్నా. పాతిక మంది రైతులు టమాటాతో ఇండ్లు కట్టుకుంటా ఉంటే, నువ్వు రాళ్ళతో మాటలు చెప్పించుకుంటా ఉండావు."

గోవిందరాజులు నవ్వుకుంటూనే మిగిలిన గ్లాసు పట్టుకుని మెట్లు దిగిపోయాడు. వైను గురించి అన్నదమ్ములు మాట్లాడుకున్నది అదే ఆఖరు. ఆ వానాకాలంలోనే గోవిందరాజులు గుట్ట మీద తీగలు కట్టిస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు, మళ్ళీ లేవలేదు. మునిరత్నం చాలా రోజులు మేడగదికి రాలేదు. వచ్చినా నా పక్కన ఊరికే కూర్చుని, ఆకు నమలడం కూడా మరిచిపోయి కిటికీలోంచి ఎటో చూసేవాడు. గుట్ట వైపు కిటికీ రెక్క మాత్రం మూసే ఉంచేవాడు.

గోవిందరాజులు కూతురు వకుళ. నాసిక్‌లో వైను చేసే చదువు చదివి వచ్చి, తండ్రి వదిలిన పని అందుకుంది. పల్లపు చేనుకు ఎంత కష్టపడేదో గుట్ట చేనుకూ అంతే కష్టపడేది, చీకటితో లేచి చల్లటి వేళలో గుత్తులు కోయించేది, పీపా చెక్క ఘాటు అంటకుండా పాత పీపాలే వాడేది. తను చూసుకునే రుచులన్నీ కింద పీపాల గదిలోనే చూసుకుని అక్కడి కాలువలో ఊసేది. మేడ మీద మాత్రం పోసి ఇవ్వడమే ఆమె పని. కాబట్టి ఆమె నోటి నుంచి నాకేమీ ముట్టలేదు.

ఒకసారి ప్రభంజన్ వచ్చి కిందే పీపాలోంచి గుట్ట చేను వైను రుచి చూసి "ఎలిగెంట్" అన్నాడట. ఆ పిల్ల ఆ మాటను కొంగున ముడేసుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఎలిగెంటా? అంటే ఏందమ్మే?" అన్నాడు మునిరత్నం.

"నాజూగ్గా ఉందని చిన్నాయనా."

మునిరత్నం నన్ను దగ్గరకు లాక్కుని తీరిగ్గా ఊసి, నవ్వాడు. "పెండ్లిచూపులకు పోయినప్పుడు, పిల్ల బక్కగా ఉంటే మనం ఏమంటాం? బక్కగా ఉండాదని మొహం మీద అంటామా? నాజూగ్గా ఉండాదమ్మా మీ పాప, ఇంటికి పోయి కబురు పెడతాం అంటాం. కబురు పెట్టినామా ఎప్పుడన్నా? ఆయప్పా అదే అన్నాడు నీతో."

వకుళ నవ్వాపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది, నిజం చెప్పొద్దూ. నవ్వి, ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది.

"పల్చన వేరు, నాజూకు వేరు చిన్నాయనా. పల్చన అంటే లోపల ఏమీ లేకపోవడం. దీంట్లో అన్నీ ఉండాయి. పులుపుంది, వగరుంది, పండు వాసనుంది. ఒకటి మీద ఒకటి పడి అరుచుకోకుండా ఉండాయి, అంతే. వగరే చూడు. పల్లపు చేనుది బొంబాయి రవ్వ మాదిరి నాలుకను గీరుతుంది. దీనిది జల్లెడ పట్టిన పిండి మాదిరి. ఉంటుంది, గీరదు. మింగినాక కూడా రోంతసేపు మన దగ్గరే ఉండిపోతాది."

"మింగినాక ఏముండాది నా మొహం. నాకు మింగకముందే ఏమీ లేదు."

వకుళ కాసేపు తటపటాయించి, "ఒక్కసారి ఆకువక్క వేసుకోకుండా చూడు చిన్నాయనా. గ్లాసు పెదవికి ఆనించి" అంది.

మునిరత్నం మొహంలో నవ్వు పోయింది. "ఏమ్మే, పాచినోటితో చూడమంటావా? మంచి వస్తువని గదా నోరు కడిగేదే ఆకుతో. ఎంగిలి చేసి చూసేదా? మీ నాయన గూడా ఇట్లాంటి మాట నాతో అనలా." ఆయనకు నిజంగా నొప్పి తగిలింది. ఆ వైనుకు తాను చేస్తున్న మర్యాదనే తప్పంటుంటే ఏ పెద్దమనిషికి బాధ ఉండదు? వకుళ తల దించుకుని గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను చూసినంతలో, మొరటువాడికి నచ్చచెప్పవచ్చు గానీ మర్యాదస్థుడికి నచ్చచెప్పడం కష్టం.

తర్వాతి ఏడు కూడా అదే తంతు. ఆకు, ధార, "నీళ్ళే పాపా." నాకు ముట్టింది వక్క పిప్పి కలిసిన ఎర్రనీళ్ళే. మూడో ఏడు మునిరత్నం తేల్చి చెప్పేశాడు. గుట్ట మీదికి ఇప్పుడు డ్రిప్పు పైపులు వెళ్తాయి. తీగ పీకేసి టమాటా వేస్తే నాలుగు వేళ్ళూ నోట్లోకి పోతాయి. జేసీబీ అతనికి ఆదివారం రమ్మని చెప్పేశాడు. "మా అన్న పేరు మీద మాట తప్పను. పీకే ముందర ఈ ఏటి వైనొకటి చూస్తా. అదీ నీళ్ళే అయితే నువ్వు గూడా ఇంగ ఏడవకూడదు పాపా" అన్నాడు.

వకుళ "సరే చిన్నాయనా" అంది. గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ సాయంత్రం ఒక్కతే మేడగదికి వచ్చి, మూసి ఉన్న కిటికీ రెక్క తెరిచి గుట్టను చూస్తూ చాలాసేపు నిలబడింది. వాళ్ళ నాయన నాటిన తీగ, ఆయన ఊపిరి ఆగిన చోటు. ఆ చేను పోతే ఆయన చెప్పిందంతా వట్టి కలే అని తేలిపోతుంది. ఆమె ఏడవలేదు. నా అంచు మీద చెయ్యి వేసి, దేవుడికి మొక్కినట్టు ఏదో గొణిగింది. మొక్కడానికి ఊళ్ళో ఎవరూ దొరకనట్టు నాకు మొక్కిందే అని నాకు దిగులేసింది.

ఆ తర్వాత జరిగినదానికి కారణం దేవుడు కాదు, మునిరత్నం దవడపన్ను. ఎన్నాళ్ళనుంచో వక్కలు కొరికి కొరికి పుచ్చిన పన్ను అది. ఉన్నట్టుండి బుగ్గ ఉబ్బింది. మదనపల్లెలో డాక్టరు పీకి, కుట్లు వేసి, గాయం మానేదాకా ఆకూ వక్కా సున్నమూ ముట్టొద్దన్నాడు. కారమూ వద్దన్నాడు. ఆ వారమంతా ఆయన రాగిజావ, పెరుగన్నం తిని బతికాడు. రోజూ మేడగదికి వచ్చి నా వైపు చూసి నిట్టూర్చేవాడు. నేనూ వారం రోజులు ఎండిపోయి ఉన్నాను. ఇద్దరం విరహంలో ఉన్నట్టే ఉండేది.

శనివారం వచ్చింది. ఎండ దిగుతున్న వేళ. కిటికీలోంచి పడ్డ వెలుగు బల్ల మీద నెమ్మదిగా పాకుతోంది. మునిరత్నం మఫ్లర్ బుగ్గకు చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆకు లేని నోరు ఆయనకు పరాయి ఇల్లులా ఉన్నట్టుంది, నాలుకతో పదేపదే తడుముకుంటున్నాడు.

"తే పాపా. చూసేద్దాం."

వకుళ రెండు వేళ్ళ ఎత్తున వైను పోసి ఇచ్చింది. మునిరత్నం అలవాటుగా తల వెనక్కి వాల్చాడు. "అమ్మా!" అని దవడ పట్టుకున్నాడు. కుట్లు లాగాయి. మళ్ళీ ప్రయత్నించాడు, కుదరలేదు. ధారగా పోసుకుంటే సరిగ్గా గాయం మీదే పడుతుంది.

"వద్దులే చిన్నాయనా" అంది వకుళ.

"మాటంటే మాటే. అటు తిరుగు నువ్వు" అన్నాడు.

వకుళ అటు తిరిగింది. గ్లాసు ఎంగిలి చేస్తూ కూతురి వయసు పిల్లకు కనపడటం ఆయనకు సిగ్గు. నేను మాత్రం ఎటు తిరగను? బల్ల మీద ఆయన ఎదురుగానే ఉన్నాను. ఆయన గ్లాసు మొహం దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆ గ్లాసుల అంచు ముక్కు కూడా పట్టేంత వెడల్పు. తప్పించుకోవడానికి వీల్లేక ముక్కు లోపలికి పోయింది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

ఎంతసేపు ఆగాడో నేను చెప్పలేను. బయట ఏదో పిట్ట కూసింది, కింద ఎవరో పీపా దొర్లించారు. ఆయన ఇంకా వాసన చూస్తూనే ఉన్నాడు. తర్వాత పెదవి ఆనించి కొంచెం నోట్లోకి తీసుకున్నాడు. ఎడమచేత్తో నన్ను ఎత్తి నోటి దగ్గర పట్టుకున్నాడు, ఎప్పటి అలవాటే. నేను సిద్ధంగా ఉన్నాను. ఊయడమే తరువాయి. ఆయన ఊపిరి నా అంచుకు తగులుతోంది, అందులో నేరేడుపళ్ళ వాసన, ఎండకు కాగిన రాయి మీద తొలివాన పడ్డ వాసన. వక్క వాసన లేదు. ఇన్నేళ్ళలో ఆయన ఊపిరి నాకు అలా తగలడం అదే మొదటిసారి.

ఆయన గొంతు కదిలింది. గుటక వేసిన చప్పుడు నా బొజ్జలో మోగింది.

నన్ను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. వకుళ ఇటు తిరిగింది. నాలోకి వంగి చూసింది. నేను ఖాళీగా ఉన్నాను.

"ఊసెయ్యలేదేం చిన్నాయనా? గాయానికి మంట పుడుతుందేమో" అంది భయంగా.

"ఊసేదానికి మనసొప్పలేదమ్మే."

కళ్ళు మూసుకుని, నాలుక అంగిట్లో ఆనించి కూర్చున్నాడు. మింగినది ఇంకా వెళ్ళిపోనట్టుంది. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"మా అన్న ఇదే చేతికిచ్చినాడు పాపా నాకు. ఈడనే. నేను 'నీళ్ళన్నా ఇది' అన్నా" అన్నాడు. "వాడు నవ్వుకుంటా మెట్లు దిగిపోయినాడు. ఏమనుకొని పోయినాడో!"

వకుళ వచ్చి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుని మోకాలి మీద తల పెట్టింది. ఆయన ఆమె తల నిమురుతూ, మఫ్లర్ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దవాడు ఏడుస్తుంటే చూడటం కష్టంగా ఉంది. నాకు కన్నీళ్ళు లేవు గాబట్టి సరిపోయింది. కాసేపటికి ఆయన జేబులోంచి ఫోన్ తీసి జేసీబీ అతనికి చేశాడు. "రేపు రావద్దులేప్పా. లేదు, వచ్చే ఆదివారం గూడా వద్దు. ఆ చేనుకు అసలు రావద్దు" అన్నాడు. పెట్టేసి గ్లాసు ముందుకు జరిపాడు. "ఇంగ రోంత పొయ్యి. నువ్వు గూడా పోసుకో. ఎంగిలైతే కానీలే."

చీకటి పడేదాకా ఇద్దరూ కూర్చున్నారు. కిటికీ రెక్క మూయలేదు. ఆమె వాళ్ళ నాయన కబుర్లు అడిగింది, ఆయన చెప్పాడు. చిన్నప్పుడు ఇద్దరూ పుల్లటి కాయలు దొంగిలించి తిన్న కథ దగ్గర ఆయన నవ్వబోయి, దవడ పట్టుకుని అబ్బా అన్నాడు. సీసా ఖాళీ అయింది. నా దగ్గరికి ఏమీ రాలేదు.

ఆ రోజు తర్వాత నా ఉద్యోగం ఎక్కువ కాలం నిలవలేదు. గుట్ట చేను వైనును గ్లాసులో పట్టుకుని వాసన చూసేవాళ్ళు పెరిగారు. ఒకరోజు వకుళ ముక్కు చిట్లించి గదంతా వెతికి, చివరికి నా దగ్గర ఆగింది. పులుసు ఇత్తడిలో ఉంటే చిలుమెక్కుతుందని వంటింట్లో ఎవరికైనా తెలుసు, వైనూ ఒక రకం పులుపే. నా అడుగున ఏళ్ళ తరబడి పట్టిన చిలుము వాసన ఆ సన్నటి పరిమళానికి అడ్డం పడుతోంది. ఆమె చింతపండు పెట్టి తోమింది, ముగ్గుపిండి పెట్టి తోమింది, పోలేదు. "ఏం చేద్దాం చిన్నాయనా" అంటే, ఆయన నన్ను రెండు చేతులా ఎత్తి గోడ అలమరలో పెట్టాడు. నా చోటికి స్టీలు పాత్ర వచ్చింది. ఆ వైను గెలవాలని కోరుకున్న వాళ్ళలో నేనూ ఒకదాన్ని. అది గెలిచి నన్నే గెంటేసింది. ఎవరి మీద కోపగించుకోను చెప్పండి?

కోపమేమీ లేదు. అలమరలో ఎండ పొద్దున కాసేపు నన్ను తాకి వెళ్తుంది. మళ్ళీ ఆ పాత సగం నిద్ర పట్టింది. మునిరత్నం ఇప్పుడు రుచి చూసే రోజుల్లో ఆకు వేసుకోడు, మిగతా రోజుల్లో వేసుకుంటాడు. అతిథులొస్తారు. పల్లపు చేనుది నోట్లో పోసుకుని స్టీలు పాత్రలోకి ఊసి పవర్ అంటారు, బాడీ అంటారు. గుట్ట చేను వంతు వచ్చేసరికి గదిలో మాటలు సన్నగిల్లుతాయి. ఎవరో ఒకరు "ఎలిగెంట్ అంటే ఏమిటండీ అసలు?" అని అడుగుతారు. మునిరత్నం ఇంకొంచెం పోస్తాడు. వాళ్ళు గ్లాసు పెదవికి ఆనిస్తారు. నేను చెవులు రిక్కించి వింటాను. స్టీలు పాత్రలో చుక్క పడిన చప్పుడు ఉండదు. ఒకరి తర్వాత ఒకరుగా గుటక వేసిన చప్పుడే వినిపిస్తుంది.

నాజూకు అంటే ఏమిటో నేను నేర్చుకున్నది అలాగే, విని. దాని అసలు రుచి మాత్రం నాకు ఈనాటికీ తెలియదు. వక్క కలవని చుక్క ఒక్కటి కూడా నా దాకా ఎవరూ రానివ్వలేదు.